ల్యాసిక్ తర్వాత కంట్లో తేడా: ఏది ఆగుతుంది, ఏది ఆగదు

కళ్ళజోడు అవసరం తగ్గించే ల్యాసిక్ లేజర్ ఆపరేషన్ అయ్యాక కంట్లో ఏ తేడా అనిపించినా ముందు ఒక కన్ను మూసుకుని రెండో కంటితో గోడ మీది క్యాలెండర్ చదవండి. తర్వాత కన్ను మార్చండి. నిన్న కనిపించిన అంకెలు ఇవాళ మసకబారినా, నొప్పి పెరుగుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా ఆదివారమని ఆగకుండా ఆపరేషన్ చేసిన చోటికి అదే రోజు వెళ్ళండి.

మంట, గరగర, రెప్ప కొడితే తేటపడి మళ్ళీ మసక

ల్యాసిక్‌లో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద పలచని మూతలా ఒక పొర కోసి ఎత్తుతారు, దాన్నే ఫ్లాప్ అంటారు. అది కోసేటప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు తెగుతాయి. కన్ను ఆరిపోతోందన్న కబురు మెదడుకు సరిగా అందక కన్నీరు, రెప్ప కొట్టడం రెండూ తగ్గుతాయి. విశాఖ గాలిలో ఎంత తేమ ఉన్నా, రుషికొండ ఐటీ ఆఫీసుల్లో రోజంతా ఏసీ కింద స్క్రీన్ చూసేవాళ్ళకు ఈ బాధ రావచ్చు. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు వాడండి, ఏసీ గాలి ముఖానికి తగలకుండా కూర్చోండి. చాలామందికి 3 నుంచి 6 నెలల్లో సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే వాపు తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు, కన్నీరు బయటికి పోయే రంధ్రాన్ని మూసే చిన్న ప్లగ్ ఉన్నాయి.

రాత్రి బీచ్ రోడ్డులో హెడ్‌లైట్ల చుట్టూ వలయాలు కనిపించడం కూడా ఎక్కువమందికి నెలల్లో తగ్గేదే. తగ్గేదాకా రాత్రిపూట బండి నడపకండి.

మొదటి రోజుల్లో ఎరుపు, మసక

నాకు అన్నిటికంటే భయం దీని దగ్గరే. ఎందుకంటే బయటికి ఒకేలా కనిపించే దీనికి కారణాలు వేరు, మందులు ఒకదానికొకటి విరుద్ధం.

మొదటి ఒకటి రెండు రోజుల్లో ఫ్లాప్ కింద ఇసుక చల్లినట్టు తెల్లగా డాక్టరుకు కనిపిస్తే అది డీఎల్‌కే అనే వాపు కావచ్చు. దానికి స్టెరాయిడ్ చుక్కలు పెంచాలి, ముదిరితే ఫ్లాప్ ఎత్తి కడగాలి. అదే ఇన్‌ఫెక్షన్ అయితే స్టెరాయిడ్ దాన్ని పెంచుతుంది. నమూనా తీసి పరీక్షకు పంపి, ఘాటైన యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.

మూడోది మోసకారి. వారం దాటాక, స్టెరాయిడ్ వాడుతుండగానే చూపు తగ్గుతుంది. స్టెరాయిడ్ వల్ల కంటి ప్రెషర్ పెరిగి ఫ్లాప్ కింద నీరు చేరుతుంది, చూడ్డానికి డీఎల్‌కేలాగే ఉంటుంది. ఆ నీటివల్ల మధ్యలో కొలిస్తే ప్రెషర్ తక్కువగా చూపించవచ్చు. అందుకే అంచు దగ్గర కూడా కొలవాలి. దీనికి డాక్టరు చేయాల్సింది స్టెరాయిడ్ ఆపడం, ప్రెషర్ తగ్గించే మందు ఇవ్వడం.

"మేడం, ఆ చుక్కలు వేస్తే ఎరుపు పోతోంది కదా, ఇంకో సీసా కొనుక్కోమంటారా?" అని ఫోన్ చేస్తారు. సీసా ఫొటో పంపమంటే లేబుల్ మీద ప్రెడ్నిసోలోన్ అని, అంటే స్టెరాయిడ్ పేరే ఉంటుంది. ఎరుపు పోయినంత మాత్రాన లోపల నయమైనట్టు కాదమ్మా. డాక్టరు స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చూపే యంత్రం) కింద చూడకుండా మెడికల్ షాపులో ఆ చుక్కలు మళ్ళీ కొనవద్దు, సొంతంగా ఆపవద్దు కూడా.

దెబ్బ తగిలాక నొప్పి, ధారగా నీళ్ళు, చూపు వంకర

ఫ్లాప్ జరిగి ఉండవచ్చు. అది మునుపటంత గట్టిగా ఎప్పటికీ అతుక్కోదు కాబట్టి ఏళ్ళ తర్వాత చంటిబిడ్డ వేలు పొడుచుకున్నా జరగవచ్చు. నలపకండి, నీళ్ళు కొట్టకండి. కంటికి ఒత్తిడి తగలకుండా గట్టి షీల్డ్ పెట్టుకుని బయల్దేరండి. ఫ్లాప్ ఎత్తి, కడిగి, ముడతలు సరిచేసి పరుస్తారు. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఆర్కే బీచ్ ఇసుక గాలి, సముద్ర స్నానం డాక్టరు సరేననేదాకా వద్దు. పీఆర్‌కే, స్మైల్ అనే వేరే రకం లేజర్ ఆపరేషన్లలో ఫ్లాప్ ఉండదు. పీఆర్‌కేకి మొదటి మూడు నాలుగు రోజుల నొప్పి మామూలే. ఆపరేషన్ తర్వాత కంటి మీద కట్టులా పెట్టిన కాంటాక్ట్ లెన్స్ ఊడిపోతే మళ్ళీ పెట్టుకోకుండా ఫోన్ చేయండి.

నెలలు, ఏళ్ళ తర్వాత సిలిండర్ పవర్ పెరగడం

కళ్ళజోడు మార్చుకుని ఊరుకోకండి. కార్నియా పలచబడి ముందుకు ఉబ్బుతోందేమో టోపోగ్రఫీ (కార్నియా ఆకారాన్ని చూపే స్కాన్) తీయించి, ఆపరేషన్‌కు ముందు తీసిన రిపోర్టుతో పోల్చి చూడమనండి. ఉబ్బు మొదలైతే క్రాస్‌లింకింగ్ (కార్నియాను గట్టిపరిచే చికిత్స)తో అక్కడికి ఆపగలరు, పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. హనుమంతవాక ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థకు గానీ, మీ డాక్టరు పంపే ఇంకో కార్నియా నిపుణుల దగ్గరికి గానీ వెళ్తే ఆ పాత రిపోర్టు చేతిలో ఉండాలి.