అరుదైన ఇంటిపేరు జాడ తీయడం ఎలా: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారి కోసం

బరంపురంలో పుట్టి 1969లో భారత రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారి ఇంటిపేరు ఏమిటని అడిగితే, చాలామంది ‘గిరి’ అని చెబుతారు. ఆయన ఇంటిపేరు వరాహగిరి; అది ఆ మొదటి ‘వి’లో ఉంది. రెండో ‘వి’తో కలిసిన వెంకటగిరి ఆయనకు పెట్టిన పేరు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాలన్నిటికీ ఉన్న చిక్కు ఇదే. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుకు వెళ్లిపోతుంది. చివర ఉన్న రావు, నాయుడు, దొర, ఆచారి వంటి మాట కాగితాల్లో ఇంటిపేరుగా నమోదవుతుంది. మా నాన్నగారిని బడిలో చేర్చిన రోజున రిజిస్టరు రాసినవారు ఇంటిపేరు గడిలో ‘రావు’ అని రాశారు. ఆ తరువాత మా ఇంట్లో పుట్టిన అందరి ధ్రువపత్రాల్లోనూ అదే కొనసాగింది. కాబట్టి అరుదైన ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఎందరికి ఉంది, ఏ ఊళ్లలో ఉంది అని వెతికే ముందు, అది ఏయే రూపాల్లో దాగి ఉందో పోగు చేసుకోవాలి. ఆ పని చేయకుండా లెక్కకు దిగితే, ఉన్న కుటుంబాల్లో సగం కూడా కనబడవు.

మొదట తెలుగు రూపాన్ని ఖాయం చేసుకోండి. ఇందుకు ప్రభుత్వ కాగితాల కంటే పాత శుభలేఖలు నమ్మదగినవి, ఎందుకంటే వాటిని ఇంటి పెద్దలే చెప్పి తెలుగులో అచ్చు వేయించారు, ‘ఫలానా వారి ఆహ్వానం’ అన్న చోట ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. తరువాత అదే పేరు ఒడియా లిపిలోకి వెళితే ఏమవుతుందో రాసుకోండి. ఒడియాలో ఎ, ఏలకు ఒకే అక్షరం, ఒ, ఓలకు కూడా ఒకే అక్షరం. కనుక బొర్రా, బోరా అనే రెండు వేర్వేరు ఇంటిపేర్లు, ఒత్తు జారిపోయిన చోట, ఒకే రూపంలో కనబడతాయి. వకారాన్ని సాధారణంగా బకారంతోనే రాస్తారు. వరాహగిరి బరాహగిరిగా చదవబడుతుంది, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళితే ‘వి’ కాస్తా ‘బి’ అవుతుంది. యకారంతో మొదలయ్యే పేరు జకారంగా మారే అవకాశం ఉంది. అకారాంతమైన మాట చివర గంజాం జిల్లాలో ఇంగ్లీషు ‘ఓ’ చేరుతుంది. పాత్ర అన్నది పాత్రో అయినట్టు. ఇక ఇంగ్లీషులో త, థ, ట, డ, ద లను ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. ఒక్క ఇంటిపేరుకు ఇలా ఆరేడు రూపాలు రావడం మామూలే. వాటన్నిటినీ ఒక కాగితం మీద రాసి, వెతుకుతున్నంత కాలం ఎదురుగా పెట్టుకోవాలి.

ఆ తరువాత తెరవవలసినది చదివింపుల పుస్తకం. పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో రాసిన ఈ పుస్తకాన్ని చాలా ఇళ్లలో బాకీ తీర్చడం కోసమే దాచుకున్నారు గాని, ఇంటిపేర్ల వ్యాప్తికి ఇంతకు మించిన ఆధారం మన ప్రాంతంలో నాకు దొరకలేదు. మా నాయనమ్మ పెట్టెలో దొరికిన పుస్తకం ఎర్ర గుడ్డ అట్టతో, పొడుగ్గా, కిరాణా కొట్టు ఖాతాలాగా ఉంటుంది. ప్రతి వరుసలో ముందు ఇంటిపేరు, తరువాత పేరు, ఆ తరువాత ఊరు, చివర సొమ్ము. సొమ్ము గడిలో మూడు అంకెలు గీతలతో విడదీసి ఉన్నాయి: రూపాయలు, అణాలు, పైసలు. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి, తేదీ చిరిగిపోయినా ఆ పెళ్లి దాదాపుగా అంతకు ముందే జరిగిందని చెప్పవచ్చు. అందులో మా ఇంటిపేరు గల కుటుంబాలు పదకొండు కనబడ్డాయి. వాటిలో ఏడు పాతపట్నం, టెక్కలి వైపు ఊళ్లవి. బరంపురం కుటుంబమని అప్పటిదాకా మమ్మల్ని మేము అనుకుంటున్నాము. ఆ పుట చూశాక మా మూలం వంశధార వైపు ఉండవచ్చునని మొదటిసారి తోచింది. మీ ఇంట్లో ఇటువంటి పుస్తకం లేకపోతే మేనత్తల ఇళ్లలో అడగండి. ఆడపడుచుల అత్తవారిళ్లలో పుట్టింటి ఇంటిపేరు జాగ్రత్తగా గుర్తుంటుంది, ఎందుకంటే సంబంధాలు చూసేటప్పుడు అది అవసరం.

ఇక పుట్టుక. తెలుగు ఇంటిపేర్లలో పెద్ద భాగం ఊళ్ల పేర్లే, కాని అవి ఊరి పేరు ఉన్నట్టుగా రావు, విభక్తి చేరే రూపంలో వస్తాయి. ఇంటిపేరు చివర ‘పాటి’ ఉంటే ఊరి చివర ‘పాడు’ కోసం చూడాలి. ‘ఊరి’ ఉంటే ‘ఊరు’, ‘ఏటి’ ఉంటే ‘ఏరు’. ఈ మార్పు తెలియక ‘పాటి’ అనే ఊరు కోసం వెతికి విసిగిపోయినవారిని చూశాను. మన చుట్టుపక్కల ఊళ్ల చివర వచ్చే మాటలను కూడా గుర్తుంచుకోవాలి: శ్రీకాకుళం, విజయనగరం వైపు ‘వలస’, కవిటి, ఇచ్ఛాపురం వైపు ‘పుట్టుగ’. ఊరి పేరు దొరికినా, అది దగ్గరలోనే ఉండాలని లేదు. గురజాడ అప్పారావుగారి జీవితంలో ఎక్కువ భాగం విజయనగరంలో గడిచింది, కాని గురజాడ అనే ఊరు కృష్ణా జిల్లాలో ఉంది. ఒక ఊరి పేరు ఆ ఊళ్లో ఉన్నవారికి ఇంటిపేరుగా పనికిరాదు, అందరిదీ అదే ఊరు కదా. అక్కడి నుంచి మరో చోటికి వెళ్లినవారినే ఆ పేరుతో పిలుస్తారు. అందువల్ల ఊరి పేరు గల ఇంటిపేరు అన్నది వలసకు గుర్తు. అదే ఊరి నుంచి వేర్వేరు కులాలవారు వేర్వేరు కాలాల్లో బయలుదేరి ఉంటే, సంబంధం లేని కుటుంబాలకు ఒకే ఇంటిపేరు ఉంటుంది. గోత్రం, ఇలవేల్పు అడిగితే ఈ సంగతి త్వరగా తేలుతుంది.

ఊరిది కాకపోతే వృత్తి, వస్తువు, చెట్టు, జంతువు, పదవి చూడాలి. 1887లో బరంపురంలోనే పుట్టిన తాపీ ధర్మారావుగారి ఇంటిపేరు వినగానే తాపీపని గుర్తుకు వస్తుంది. పదవుల విషయంలో మన జిల్లాల్లో ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం: ఒడియా రాజుల, జమీందారుల కొలువులో వచ్చిన బిరుదులు తెలుగువారికి కూడా దక్కి, అసలు ఇంటిపేరు మీద ఎక్కి కూర్చున్నాయి. బరంపురం నేతపనివారిలో కులపెద్దకు ఉన్న దేశిబెహెరా అన్న మాట ఇటువంటిదే. మీ ఇంటిపేరు ఒడియా మాటలా వినిపిస్తే, దాని వెనుక మరొకటి ఉందేమో పురోహితుణ్ణి, పెద్దవాళ్లను అడగండి. దత్తత, ఇల్లరికం కూడా ఇంటిపేరును మార్చేవి. పెద్దలు వీటిని తొందరగా చెప్పరు, ఓపికగా, మర్యాదగా అడగాలి.

పాత పుస్తకాల్లో ఒకదాన్ని తప్పక చూడవలసినదిగా చెబుతాను. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల వివరణలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగు కులాల దగ్గర ఇంటిపేర్ల జాబితాలు అర్థాలతో సహా ఉన్నాయి. అవి ఇంగ్లీషు వర్ణక్రమంలో ఉన్నాయి, అర్థాలు కొన్ని చోట్ల పైపై మాటలే. పేరు అప్పటికే వాడుకలో ఉందని నిర్ధారించుకోవడానికి మాత్రం వాటిని వాడుకోండి.

కాగితాల కోసం వెళ్లేటప్పుడు సరిహద్దు చరిత్ర తెలియకపోతే తప్పు కార్యాలయంలో నెలలు గడిచిపోతాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యే వరకు గంజాం జిల్లా అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ రోజున బరంపురం, పర్లాకిమిడి వైపు ఒరిస్సాకు వెళ్లాయి. దక్షిణాన ఉన్న శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు తాలూకాలు మద్రాసులోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. విశాఖపట్నం ఏజెన్సీ నుంచి కోరాపుట్ జిల్లా ఏర్పడింది. 1992లో గంజాం నుంచి గజపతి, కోరాపుట్ నుంచి రాయగడ విడివడ్డాయి. ఒక ముత్తాత గుణుపురంలో ఒకే ఇంట్లో ఉంటూనే విశాఖపట్నం జిల్లావాడు, తరువాత కోరాపుట్ జిల్లావాడు అయ్యాడు. ఆయన మనుమలు ఇప్పుడు రాయగడ జిల్లావారు. కనుక 1936కు ముందటి రెవెన్యూ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌ను, ఒడిశా వైపు ఆ తరువాతి వాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్‌ను ముందుగా అనుకోవాలి. జమీందారీ గ్రామాల విషయంలో ఎస్టేట్ల రద్దు (మద్రాసు వైపు 1948 చట్టం, ఒడిశా వైపు 1951 చట్టం) తరువాత జరిగిన సెటిల్మెంటు రికార్డుల్లో రైతుల పేర్లు వరుసగా దొరుకుతాయి. శ్రీకాకుళం వైపు వీటిని సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ అని అడిగితే తహసీల్దారు కార్యాలయంలో అర్థమవుతుంది. ఒడిశా వైపు ఇప్పటి పట్టాలు భూలేఖ్ వెబ్‌సైటులో ఊరివారీగా చూడవచ్చు. రైతు పేరుతో పాటు తండ్రి పేరు, కులం, నివాసం ఒడియాలో ఉంటాయి. ముందుగా ఊరిని ఎంచుకోవలసి ఉంటుంది గనుక, చదివింపుల పుస్తకంలో దొరికిన ఊళ్ల పేర్లు ఇక్కడ అక్కరకు వస్తాయి.

ఎందరున్నారన్న లెక్కకు జనాభా లెక్కలు ఉపయోగపడవు. పేర్లు రాసుకుంటారు గాని, 1948 జనాభా గణన చట్టం ప్రకారం ఆ పత్రాలను ఎవరూ చూడడానికి వీలులేదు. ప్రపంచమంతటి ఇంటిపేర్ల సంఖ్యను చూపే వెబ్‌సైట్లు అంచనాలు మాత్రమే ఇస్తాయి. పొడి అక్షరంగా మిగిలిన ఇంటిపేరు ఆ అంచనాల్లోకి రాదు. మనకు మిగిలిన దారి ఓటర్ల జాబితా. రెండు రాష్ట్రాల ముఖ్య ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో నియోజకవర్గం, పోలింగ్ కేంద్రం వారీగా పీడీఎఫ్‌లు ఉంటాయి. బరంపురం, చికిటి, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నియోజకవర్గాలను ఇటువైపు, ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, పాలకొండలను అటువైపు తీసుకుంటే మొదటి విడతకు సరిపోతుంది.

లెక్కపెట్టేటప్పుడు మనుషులను కాక ఇళ్లను లెక్కించండి. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మారుతుంది, పెద్ద కుటుంబం ఒక్కటే ఓ పోలింగ్ కేంద్రంలో పదిహేను ఓట్లు చూపవచ్చు. ఇంటి నంబరు పట్టుకుంటే ఈ రెండు దోషాలూ తగ్గుతాయి. పొడి అక్షరం మాత్రమే ఉన్నచోట తండ్రి పేరు గడి చూడండి, అక్కడ పూర్తి రూపం ఉండవచ్చు. లేకపోతే ఆ వరుసను ‘సందేహం’ అని వేరే రాయండి, లెక్కలో కలపవద్దు. 2,00,000 ఓటర్లున్న ఒక నియోజకవర్గంలో ఈ ఇంటిపేరు గల ఇళ్లు 46 కనబడ్డాయనుకుందాం. లక్ష ఓటర్లకు 23 ఇళ్లు అని రాసుకోవాలి, ఎందుకంటే పక్క నియోజకవర్గంతో పోల్చడానికి ఉత్త 46 పనికిరాదు. కొటియా వంటి, రెండు రాష్ట్రాలూ తమవని చెప్పే గ్రామాల్లో ఒకే కుటుంబం రెండు జాబితాల్లోనూ ఉండవచ్చు. తండ్రి పేరు, వయసు కలిస్తే ఒక్కసారే లెక్కించండి.

లెక్క పూర్తయ్యాక పటం గీయాలి. గూగుల్ మ్యాప్‌లో గుర్తులు పెట్టినా చాలు, గోడ పటం మీద చుక్కలు పెట్టినా చాలు. చుక్కలు ఒక ఊరి చుట్టూ ముద్దగా ఉండి, దూరం పోయినకొద్దీ పలచబడితే, గోత్రం కూడా ఒక్కటే అయితే, ఆ ముద్ద ఉన్నచోటే పేరు స్థిరపడిందని చెప్పవచ్చు. చుక్కలు ఒక గీతలా సాగితే దారి ఏదో చూడండి. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు 1931 నాటికి గుణుపురం చేరింది. మా ఇంటిపేరు చుక్కలు ఆ గీత వెంటే ఉన్నాయి, గుణుపురంలో మూడు ఇళ్లతో ఆగిపోయాయి. పెద్దలకు ఆ రైలు ఎక్కి వచ్చిన జ్ఞాపకం లేదు, కాని కొట్టు పెట్టిన తాత కథ రెండు ఇళ్లలో ఒకేలా చెప్పారు. సరిహద్దు దాటి చాలా దూరంలో చుక్క కనబడినా కొట్టివేయవద్దు. రైల్వే పనులకు వెళ్లిన మనవారు ఖరగ్‌పూర్‌లో తరాలుగా ఉన్నారు. గంజాం, శ్రీకాకుళం వైపుల నుంచి రంగూన్ వెళ్లి 1942లో తిరిగి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి.

గయకో పూరీకో వెళ్లే బంధువులు ఎవరైనా ఉంటే, అక్కడి పండాల పుస్తకాల్లో మన ఊరి పుట అడగమనండి. వచ్చిన వారి పేరు, తండ్రి, తాత పేర్లు, ఊరు రాసుకునే అలవాటు వారికి ఉంది. ఊరి పేరును పాత పద్ధతిలో, తాలూకా, జిల్లాలతో సహా చెప్పాలి. ‘గజపతి జిల్లా’ అంటే 1930 నాటి పుట దొరకదు, ‘గంజాం జిల్లా, పర్లాకిమిడి’ అనాలి.

దొరికినదంతా రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కనా అది ఎక్కడ చూశారో, ఏ తేదీన చూశారో, ఎవరు చెప్పారో రాయండి. విన్నదీ చదివినదీ వేర్వేరు సిరాలతో రాస్తే తరువాత కలగలిసిపోవు. బతికి ఉన్నవారి చిరునామాలు, ఫోన్ నంబర్లు పటం మీద పెట్టవద్దు, ఊరి పేరుతో ఆగండి. నేను ఆ కాగితాలను చదివింపుల పుస్తకంతో పాటు అదే పెట్టెలో ఉంచాను. మొదటి పుటలో మా ఇంటిపేరును తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో, దొరికిన ఏడు రూపాల్లోనూ రాశాను. ఎనిమిదో వరుస ఖాళీగా వదిలాను, ఎందుకంటే పర్లాకిమిడిలో చూడవలసిన జాబితాలు ఇంకా రెండు మిగిలి ఉన్నాయి.