పాత మారుతి 800 లాగట్లేదా? ముందు ఇవి చూడండి

ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేరు, ఏసీ వేస్తే ఇంకా నీరసం. ఇదేనా మీ బండి పరిస్థితి? ఒక్కమాట ముందే చెప్పేస్తా, 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ అది, కొత్తగా ఉన్నప్పుడే చాలా మోడళ్లలో సుమారు 37 బీహెచ్‌పీ (ఇంజన్ పవర్ కొలత) ఇచ్చేది, కాబట్టి మనం చేసేదల్లా పోయిన పవర్‌ని వెనక్కి తెచ్చుకోవడమే.

ఇంజన్ జోలికి వెళ్లేముందు చక్రాలు చూడండి. నా బండికి పికప్ లేదని కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం) రెండుసార్లు విప్పించా, తీరా చూస్తే వెనక బ్రేకు పట్టేసి ఉంది! బ్రేకు పెద్దగా వాడకుండా ఓ ఐదు కిలోమీటర్లు నడిపి, ఆగాక ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి (ముట్టుకోకండి, కాలుతుంది). ఒకటి మాత్రం బాగా వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. టైర్లలో గాలి తక్కువున్నా బండి ఈడ్చినట్టే ఉంటుంది.

తర్వాత క్లచ్. మూడో గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది, ఇంజన్‌ని తిట్టుకోవద్దు.

ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్ మార్చేయండి, చవకే. ఇంజన్ చల్లారాక స్పార్క్ ప్లగ్గులు విప్పి కొన రంగు చూడండి: లేత కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టు, నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువగా వెళ్తోంది, నూనె జిడ్డు ఉంటే ఆయిల్ తాగుతోంది. కార్బొరేటర్ మోడలైతే శుభ్రం చేయించి, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ ఇచ్చే సమయం) చెవితో కాకుండా టైమింగ్ లైటుతో సెట్ చేయించండి, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే మోడల్) అయితే థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలిని వదిలే భాగం) కడిగిస్తే చాలావరకు తేడా తెలుస్తుంది. ట్యాపెట్లు (ఇంజన్ వాల్వుల దగ్గరి సందు) కూడా చూపించండి, చాలామంది మెకానిక్‌లు మనం అడిగితే తప్ప ముట్టుకోరు. ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి పాత రబ్బరు పైపులు పాడవుతాయి, పగుళ్లుంటే మార్చేయండి, అది పవర్ కోసం కాదు, మంటలు రాకుండా.

ప్రీమియం పెట్రోల్, సౌండ్ వచ్చే సైలెన్సర్... ఆ డబ్బుతో బిర్యానీ తినండి. పైగా కంపెనీ స్పెసిఫికేషన్ మార్చేలా బండిలో మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52తో తలనొప్పి.

ఇవన్నీ చేసినా కదలకపోతే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించండి. మూడు సిలిండర్ల రీడింగూ దాదాపు ఒకేలా రావాలి. ఒకదాంట్లో తక్కువొస్తే ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి: రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గాస్కెట్‌లోనో (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) లీకుంది. రింగులంటే ఇంజన్ దించాల్సిందే, ఆ ఖర్చు విన్నాక అమ్మేయాలా, నాన్నగారు కొన్న బండి కదా అని ఉంచుకోవాలా అన్నది ఇంట్లో తేల్చుకోండి.