అమెరికాలో తొలి పీఈ లైసెన్సు: దరఖాస్తు ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఏం చేయాలి

తెలుగు రాష్ట్రాల్లో బీటెక్, ఆ తరువాత అమెరికాలో ఎంఎస్ చేసి, అక్కడే సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ సంస్థల్లో పనిచేస్తున్నవారు మొదటిసారి ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్సుకు, అంటే పీఈకి, దరఖాస్తు చేసినప్పుడు ఎదురయ్యే చిక్కులు దాదాపు ఒకే చోట్ల వస్తాయి. వాటిని విడదీసి చూసే ముందు ఒక విషయం స్పష్టంగా ఉండాలి. లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర బోర్డు. ఎన్‌సీఈఈఎస్ అనే జాతీయ సంస్థ పరీక్షలు తయారుచేస్తుంది, అభ్యర్థి రికార్డును భద్రపరుస్తుంది, విదేశీ చదువును మదింపు చేస్తుంది, అంతే. టెక్సస్‌లో ఉన్న మిత్రుడికి సాఫీగా జరిగిన పని కాలిఫోర్నియాలో అలాగే జరుగుతుందని అనుకోవడానికి వీలు లేదు. కాబట్టి ముందుగా రాష్ట్రాన్ని నిర్ణయించుకుని, ఆ బోర్డు నియమావళిని మొదటి నుంచి చివరి వరకు చదివిన తరువాతే రుసుము చెల్లించాలి.

సమస్య: "ఎంఎస్ ఇక్కడే చేశాను, అయినా నా డిగ్రీకి గుర్తింపు లేదంటున్నారు"

అన్నిటికంటే ఎక్కువమందిని నిరాశపరిచే జవాబు ఇదే. కారణం ఏమిటంటే, బోర్డు ప్రధానంగా చూసేది బ్యాచిలర్ డిగ్రీని. ఇంజినీరింగ్ కోర్సులకు అక్కడ గుర్తింపునిచ్చే సంస్థ ఏబెట్. అది గుర్తించే కోర్సుల్లో అత్యధికం బ్యాచిలర్ స్థాయివే. పేరున్న విశ్వవిద్యాలయంలో చేసిన ఎంఎస్ కూడా చాలా సందర్భాల్లో ఏబెట్ గుర్తింపు పొందిన కోర్సు కాదు, ఎందుకంటే ఆ విశ్వవిద్యాలయం తన బ్యాచిలర్ కోర్సుకే ఆ గుర్తింపు తెచ్చుకుని ఉంటుంది. అలాంటి ఎంఎస్‌ను భారతీయ బీటెక్‌తో కలిపి అంగీకరించే రాష్ట్రాలు ఉన్నాయి, అంగీకరించని రాష్ట్రాలూ ఉన్నాయి.

ఇంజినీరింగ్ కోర్సుల గుర్తింపును సభ్యదేశాల సంస్థలు పరస్పరం ఒప్పుకునే వాషింగ్టన్ ఒప్పందం ఉంది కాబట్టి మన బీటెక్ ఇక్కడ చెల్లుతుందన్న అపోహ కూడా దీనికి తోడవుతుంది. భారతదేశం తరఫున నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ఆ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది 2014 జూన్‌లో. అది వర్తించేది ఆ సంస్థ టయర్-1 కింద గుర్తించిన కోర్సులకే, అంటే విశ్వవిద్యాలయాల సొంత కళాశాలలకూ స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలకూ. జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉండి స్వయంప్రతిపత్తి లేని కళాశాలలో చదివినవారికీ, అంతకుముందు పట్టా పుచ్చుకున్నవారికీ అది అక్కరకు రాదు. వర్తించినా రాష్ట్ర బోర్డు దాన్ని గౌరవించి తీరాలనే నిబంధన లేదు.

పరిష్కారం ఎన్‌సీఈఈఎస్ ద్వారా చదువును మదింపు చేయించుకోవడం. వీసా పనికోసం న్యాయవాది చేయించిన మదింపు నివేదికనో, విశ్వవిద్యాలయ ప్రవేశానికి వాడిన డబ్ల్యూఈఎస్ (విదేశీ డిగ్రీలను మదింపు చేసే సంస్థ) నివేదికనో పంపితే చాలా బోర్డులు తిప్పి పంపుతాయి. ఆ నివేదికలు డిగ్రీ స్థాయిని చెబుతాయే గానీ, ఏ పాఠ్యాంశం ఏ కోవలోకి వస్తుందో లెక్కగట్టవు.

సమస్య: మదింపులో లోటు చూపించారు

ఎన్‌సీఈఈఎస్ ప్రమాణం ప్రకారం ఉన్నత గణితం, మౌలిక విజ్ఞానశాస్త్రాల్లో 32 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజినీరింగ్ విజ్ఞానం, డిజైన్‌లలో 48 క్రెడిట్లు ఉండాలి. వీటికి తోడు సాధారణ విద్య కింద, అంటే చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాలు వంటివాటిలో, నిర్ణీత క్రెడిట్లు కావాలి. మన బీటెక్‌లలో ఇంజినీరింగ్ క్రెడిట్లకు సాధారణంగా లోటు రాదు. లోటు వస్తే సాధారణ విద్యలోనో, మౌలిక విజ్ఞానంలోనో వస్తుంది.

పాలిటెక్నిక్ చదివి ఈసెట్ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారు ఈ దశలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. వారి బీటెక్ ట్రాన్‌స్క్రిప్ట్ రెండో సంవత్సరంతోనే మొదలవుతుంది. మొదటి సంవత్సరపు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు అందులో కనబడవు. ఆ కాగితం ఒక్కటే చూసినవారికి ఇది మూడేళ్ల డిగ్రీలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అందుచేత సాంకేతిక విద్యా మండలి నుంచి డిప్లొమా మార్కుల పత్రాలను కూడా మొదటే పంపించి, లేటరల్ ఎంట్రీ విధానాన్ని వివరించే లేఖను కళాశాల నుంచి తీసుకుని జతచేయాలి. డిప్లొమాలో చదివినదాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటారన్నది మదింపు చేసేవారి నిర్ణయమే, కానీ చూపించనిదాన్ని ఎవరూ లెక్కించరు.

ఇంకా మిగిలిన లోటును పూరించడానికి దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ఒకటి రెండు కోర్సులు చేయడం చవకైన, నిలకడైన మార్గం. అయితే చేరే ముందే ఆ కోర్సు పేరు, వివరణ బోర్డుకు పంపి, దాన్ని అంగీకరిస్తామని రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

సమస్య: ట్రాన్‌స్క్రిప్టులు అందలేదని నెలల తరబడి అదే సమాచారం

కారణాలు రెండు. మన దగ్గర ఉన్న కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఒరిజినల్ డిగ్రీ ఎంత అసలైనవైనా, అభ్యర్థి చేతుల మీదుగా వస్తే వాటిని అధికారిక ట్రాన్‌స్క్రిప్టుగా పరిగణించరు. విశ్వవిద్యాలయమే నేరుగా పంపాలి. రెండోది, ఏ విశ్వవిద్యాలయం అన్న ప్రశ్న. 2008లో జేఎన్‌టీయూ విడిపోయి హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలు వేరయ్యాయి. ఆ విభజనకు అటూ ఇటూగా చదివినవారి పట్టా మీద ఒక పేరు, కళాశాల ఇప్పుడు అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయానిది మరొక పేరు ఉండే అవకాశం ఉంది. తన హాల్‌టికెట్ నంబరుకు సంబంధించిన రికార్డు ఏ పరీక్షల విభాగం దగ్గర ఉందో ముందుగా కనుక్కుని అక్కడే దరఖాస్తు చేయాలి. ఊళ్లో ఉన్న తమ్ముడో, చెల్లెలో వెళ్లి వాకబు చేయగలిగితే పని చాలా వేగంగా తెములుతుంది. వారికి సంతకం చేసిన అధికార పత్రం, పాస్‌పోర్టు నకలు ఇచ్చి పంపాలి. సిలబస్ ప్రతులు కూడా అదే రాకపోకల్లో తీసుకుంటే మంచిది, ఎందుకంటే మదింపులో పాఠ్యాంశాల వివరణ కూడా అవసరపడుతుంది.

సమస్య: పరీక్ష కేంద్రంలో పేరు సరిపోలేదన్నారు, లేదా రికార్డులు ఒక్కటిగా కలవడం లేదు

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. బీటెక్ పట్టాలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, ఆ తరువాత డ్రైవింగ్ లైసెన్సులోనూ అదే వచ్చి చేరుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మహిళలకు ఇంకో పేరు. పరీక్ష జరిగే పియర్సన్ వీయూఈ కేంద్రంలో మాత్రం ఎన్‌సీఈఈఎస్ ఖాతాలోని పేరు, చేతిలోని గుర్తింపు పత్రంలోని పేరు సరిపోలాలి. సరిపోలకపోతే లోపలికి పంపరు, రుసుము కూడా పోతుంది.

కాబట్టి ఖాతా తెరిచేటప్పుడు పరీక్షకు తీసుకెళ్లబోయే గుర్తింపు పత్రంలో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాలి. పట్టాల్లోని పేర్లు వేరుగా ఉంటే, ఆ పేర్లన్నీ ఒకే వ్యక్తివని చెప్పే నోటరీ అఫిడవిట్‌ను, వివాహ ధ్రువపత్రం ఉంటే దాన్నీ, మదింపు దరఖాస్తుతోనే జతచేయాలి. అడిగేదాకా ఆగితే ఆ ఒక్క కాగితం కోసమే దరఖాస్తు పక్కన పడుతుంది.

సమస్య: "అనుభవం సరిపోదు" అని తిరిగి వచ్చింది

నిజంగా అనుభవం తక్కువైనవారు ఇందులో కొందరే ఉంటారు. చేసిన పని ఉంటుంది, దాన్ని రాసిన తీరు వల్ల అది బోర్డుకు కనబడదు. చాలా రాష్ట్రాలు నాలుగేళ్ల అనుభవం అడుగుతాయి, అదీ బాధ్యత ఏటేటా పెరుగుతూ వచ్చిన ఇంజినీరింగ్ అనుభవం. ఒక దరఖాస్తులో ఇలా ఉందనుకుందాం: "మా బృందం రహదారి వంతెనల డిజైన్‌లో పాల్గొంది. డ్రాయింగులు, నివేదికలు తయారుచేశాము." చదివే ఇంజినీరుకు ఇందులో దరఖాస్తుదారు ఎక్కడా దొరకడు. అదే పనిని ఇలా రాయవచ్చు: "ఒకే స్పాన్ ఉన్న స్టీల్ గర్డర్ వంతెనకు ఆష్టో (అమెరికా రహదారి, రవాణా అధికారుల సంఘం) నియమావళి ప్రకారం గర్డర్ల బెండింగ్, షియర్ లెక్కించాను. ఆనింపుల దగ్గర షియర్ సామర్థ్యం చాలడం లేదని గుర్తించి, స్టిఫనర్ల మధ్య దూరం తగ్గించాలని ప్రతిపాదించాను. పర్యవేక్షించిన పీఈ ఆ లెక్కలను సరిచూసి ఆమోదించారు." ఏ సమస్య, ఏ సూత్రం, ఏ నిర్ణయం, ఎవరి పర్యవేక్షణ అన్న నాలుగూ ఇక్కడ కనబడుతున్నాయి. "మేము" అన్న ప్రతిచోటా ఆగి, అందులో తాను చేసినదెంతో నిజాయితీగా విడదీసి రాయాలి. చేయనిది చేసినట్టు రాయడం ఎంతమాత్రం తగదు. ఈ సంతకం మీద ఆధారపడి రేపు జనం ఆ వంతెన దాటుతారు.

తేదీల లెక్కలోనూ చిక్కులుంటాయి. చాలా బోర్డులు డిగ్రీ చేతికి రాకముందు చేసిన ఇంటర్న్‌షిప్‌ను లెక్కించవు. ఎంఎస్‌కు ఒక ఏడాది అనుభవం కింద మినహాయింపు ఇచ్చే రాష్ట్రాల్లో కూడా, అదే కాలంలో చేసిన ఉద్యోగాన్ని మళ్లీ కలుపుకోనివ్వరు. వీసా స్టాంపింగుకు ఇండియా వచ్చి, ఆలస్యమై నెలల తరబడి జీతంలేని సెలవులో ఉన్న కాలం అనుభవం కాదు. దాన్ని దాచకుండా ఖాళీగా చూపించాలి, ఎందుకంటే యజమాని ధ్రువీకరణలో తేదీలు వేరుగా వస్తే అనుమానం దరఖాస్తు మొత్తం మీదకు పాకుతుంది. నాలుగేళ్లు నిండడానికి రెండు వారాలుండగా పంపిన దరఖాస్తు కూడా లోటు దరఖాస్తే. కొద్దిగా ఆగి పంపడం మేలు.

సమస్య: సాక్ష్యం చెప్పడానికి పీఈ లేరు

బోర్డులు సాధారణంగా ముగ్గురి నుంచి ఐదుగురి సిఫార్సులు అడుగుతాయి, వారిలో ఎక్కువమంది లైసెన్సు ఉన్నవారై ఉండాలి. సివిల్ కన్సల్టెన్సీల్లో ఇది కష్టం కాదు. తయారీ సంస్థల్లోని మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజినీర్లకే ఇది గట్టి అడ్డంకి. సొంత ఉత్పత్తులు తయారుచేసుకునే సంస్థల ఉద్యోగులకు చాలా రాష్ట్రాల్లో లైసెన్సు మినహాయింపు ఉంది కాబట్టి, మేనేజరుకు పీఈ ఉండదు, ఆయన మేనేజరుకూ ఉండదు. అటువంటివారు మొదటి ఏడాది నుంచే సంస్థలోని వేరే విభాగంలోనైనా, ప్రాజెక్టులో కలిసి పనిచేసే కన్సల్టెన్సీలోనైనా ఒక పీఈని గుర్తించి, తమ లెక్కలను అప్పుడప్పుడు వారికి చూపించి అభిప్రాయం తీసుకుంటూ ఉండాలి. నాలుగేళ్ల తరువాత హఠాత్తుగా ఫారం పంపితే, పని చూడని మనిషి సంతకం చేయడు, చేయకూడదు కూడా. లైసెన్సు లేని పర్యవేక్షకుడి ధ్రువీకరణను ఏ షరతుల మీద ఒప్పుకుంటారో బోర్డును ముందే అడగాలి.

ఉద్యోగం మారేటప్పుడు, కంపెనీ వదిలే వారంలోనే అక్కడి అనుభవాన్ని ఎన్‌సీఈఈఎస్ రికార్డులో రాసి ధ్రువీకరణ తీసుకోవడం ఈ విషయంలో నేను అందరికీ చెప్పే మొదటి మాట. మూడేళ్ల తరువాత ఆ మేనేజరు ఎక్కడుంటారో ఎవరికి తెలుసు?

సమస్య: సోషల్ సెక్యూరిటీ నంబరు లేక దరఖాస్తు ముందుకు పోవడం లేదు

వృత్తి లైసెన్సు దరఖాస్తుల్లో ఈ నంబరు నమోదు చేయాలని ఫెడరల్ చట్టం రాష్ట్రాలకు నిర్దేశించింది. అందుకే హెచ్-4 (ఉద్యోగి జీవిత భాగస్వామికి, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉండి ఆ నంబరు లేనివారూ, ఇండియా నుంచే ప్రయత్నించేవారూ ఇక్కడ ఆగిపోతారు. కాలిఫోర్నియా దాని బదులు ఐటీఐఎన్ అనే పన్ను చెల్లింపుదారు నంబరును కూడా తీసుకుంటుంది. మరికొన్ని రాష్ట్రాలకు వేరే ఏర్పాట్లున్నాయి. రాష్ట్రాన్ని ఎంచుకునే ముందే దీన్ని చూసుకోవాలి.

సమస్య: పీఈ పరీక్ష పాసయ్యాను, లైసెన్సు నంబరు రాలేదు

పరీక్ష పాసవడం ఒక మెట్టు మాత్రమే. టెక్సస్, నెవాడా వంటి రాష్ట్రాల్లో నాలుగేళ్ల అనుభవం నిండకముందే పీఈ పరీక్ష రాయనిస్తారు కాబట్టి, ఫలితం వచ్చాక లైసెన్సు దానంతటదే వస్తుందని కొందరు ఎదురుచూస్తూ కూర్చుంటారు. లైసెన్సుకు వేరుగా దరఖాస్తు చేయాలి. కాలిఫోర్నియాలో సివిల్ అభ్యర్థులు భూకంప సూత్రాల మీద ఒకటి, సర్వేయింగ్ మీద ఒకటి చొప్పున రెండు రాష్ట్ర పరీక్షలు కూడా పాసవ్వాలి. చాలా రాష్ట్రాల్లో చట్టం, వృత్తి నీతి మీద ఒక చిన్న పరీక్ష ఉంటుంది, అది పూర్తి చేయకపోవడమే ఫైలు కదలకపోవడానికి కారణం కావచ్చు. బోర్డు వెబ్‌సైటులో తన పేరు పక్కన నంబరు కనబడేవరకు విజిటింగ్ కార్డు మీద గానీ, ఈమెయిల్ సంతకంలో గానీ పీఈ అని పెట్టుకోకూడదు. అది చట్టరీత్యా ఉల్లంఘన, ఆ ఒక్క కారణంతో దరఖాస్తును తిరస్కరించే అధికారం బోర్డుకు ఉంటుంది.

లోపాలు తెలుపుతూ బోర్డు నుంచి లేఖ వస్తే అందులో గడువు ఉంటుంది. ఆ లేఖలోని ప్రతి అంశానికీ అదే వరుస సంఖ్యతో జవాబు రాసి, సంబంధిత కాగితాన్ని అదే సంఖ్యతో జతచేసి, గడువు లోపల ఒకేసారి పంపాలి. ఏదైనా ఒక కాగితం విశ్వవిద్యాలయం దగ్గర ఆగిపోయి ఉంటే, దానికోసం పెట్టుకున్న దరఖాస్తు రసీదును పంపి, గడువు ముగియకముందే పొడిగింపు కోరాలి.