బరువైన సినిమాను ఇంట్లో చూసే పద్ధతి

గుండెను పిండేసే ఘట్టం చివరి అరగంటలో వస్తుంది. దానికి కావలసిన బలం మాత్రం మొదటి గంటలోనే పోగవుతుంది. ఈ మనిషి ఎవరి ముందు కళ్లు దించుకుంటాడు, ఏ వస్తువును జేబులోంచి తీసి చూసుకుని మళ్లీ దాచుకుంటాడు, ఎవరు పిలిస్తే వెంటనే పలుకుతాడు అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఇంట్లో సినిమా పెట్టుకున్నవాళ్లు ఫోన్ చూసుకునేదీ, మధ్యలో లేచి వెళ్లొచ్చేదీ సరిగ్గా ఆ గంటలోనే. తీరా చివరికొచ్చాక "అందరూ అంతగా చెప్పారు, నాకేమీ అనిపించలేదే" అంటారు. కింద చెప్పే ఏర్పాట్లలో చాలావరకు ఆ మొదటి గంటను కాపాడుకోవడానికే.

కన్నీళ్లు తెప్పించడం నిజానికి అంత కష్టమేమీ కాదు. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో, ప్రయోగశాలలో ఒక్కో భావాన్ని పుట్టించడానికి పనికొచ్చే సినిమా ముక్కల జాబితా ప్రచురించారు. దుఃఖం కోసం వాళ్లు ఎంచుకున్నవాటిలో 1979 నాటి 'ద చాంప్' చివరి ఘట్టం ఒకటి. నిడివి మూడు నిమిషాల లోపే. అంటే ముందు కథ చూడకపోయినా కళ్లు చెమ్మగిల్లుతాయి. కానీ వారం తర్వాత కూడా ఒక ముఖం కళ్ల ముందు మెదులుతూ ఉండాలంటే మూడు నిమిషాలు చాలవు, సినిమా మొత్తం తెగకుండా చూడాలి.

ఏ సినిమా, ఏ రోజు

'తప్పక ఏడిపించే సినిమాలు' లాంటి జాబితాలు పట్టుకుని ఎంచుకోకండి. యుద్ధంలో చిక్కిన పిల్లల కథ, ముసలి తల్లిదండ్రుల ఒంటరితనం, జబ్బుతో పోయే మనిషి, అన్యాయంగా జైలుపాలైన వ్యక్తి... అన్నీ ఒకే జాబితాలో ఉంటాయి, కానీ ఒక్కొక్కటి ఒక్కో చోట తగులుతుంది. మీ ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే ఆసుపత్రి మంచం చుట్టూ తిరిగే కథను కొన్ని నెలలు పక్కన పెట్టండి. అది పిరికితనం కాదు.

కథాసారాంశం చదవకుండా హెచ్చరికలు మాత్రం తెలుసుకోవాలంటే రెండు దారులున్నాయి. సినిమాల వివరాలుండే ఐఎండీబీ సైట్‌లో ప్రతి సినిమా పేజీకీ 'పేరెంట్స్ గైడ్' ఉంటుంది. హింస, భయం కలిగించే దృశ్యాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో అక్కడ రాస్తారు, కథ గుట్టు విప్పే విషయాలను వేరే భాగంలో పెడతారు. రెండోది 'డజ్ ద డాగ్ డై' అనే సైట్. పసిపిల్లల మరణం, ఆత్మహత్య, జంతువులకు హాని వంటివి సినిమాలో ఉన్నాయా లేవా అని ప్రేక్షకులే నమోదు చేస్తారు. మీకు భయం ఉన్న ఒక్క అంశాన్నే చూసుకుని పేజీ మూసేయండి. కిందికి జరుపుతూ పోతే ముగింపు తెలిసిపోతుంది.

తర్వాత నిడివి. 'బైసికిల్ థీవ్స్' (1948), 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' (1988) గంటన్నరలో అయిపోతాయి. 'టోక్యో స్టోరీ' (1953) రెండుంపావు గంటలు. 'షిండ్లర్స్ లిస్ట్' (1993) మూడుంపావు గంటలు. సినిమా అయ్యాక నిద్రకు కనీసం గంట మిగలాలి. పదిన్నరకు పడుకునేవారు మూడుంపావు గంటల సినిమాను సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టాలి. రాత్రి తొమ్మిదింటికి పెట్టి సగం చూసి "మిగతాది రేపు" అనుకుంటే, మర్నాడు కథ గుర్తుంటుంది కానీ దాని బరువు మిగలదు.

బొమ్మ

ఎక్కువమంది టీవీలు పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే వాడతారు. సినిమాకు అది చేటు. సినిమాలు సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ ఆ ఫ్రేముల మధ్య తానే కొత్త ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేస్తుంది. దాంతో నటుడి ముఖం స్టూడియోలో వార్తలు చదివేవారి ముఖంలా కనిపిస్తుంది, అతను నటిస్తున్నాడన్న సంగతి మనసు మరిచిపోలేదు. సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్ అనే పేర్లతో ఉండే ఆ సౌకర్యాన్ని ఆపేయండి. టీవీలో 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ఉంటే అదొక్కటి ఎంచుకుంటే చాలు. 2019లో ప్రకటించిన ఈ మోడ్ కదలిక నునుపును, అదనపు పదును పెట్టడాన్ని ఆపేసి రంగులనూ కొలతలనూ సినిమా తీసినవాళ్లు ఉద్దేశించిన దానికి దగ్గరగా ఉంచుతుంది. అది లేకపోతే 'సినిమా' లేదా 'మూవీ' మోడ్. 'వివిడ్', 'డైనమిక్' వద్దు. వాటిలో చర్మం నీలిఛాయలోకి పోతుంది, చీకటి గదిలో కూర్చున్న పాత్ర పగటి వెలుగులో ఉన్నట్టుంటుంది.

పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయని జూమ్ చేయకండి. పక్కల నిలబడ్డ మనిషి తెగిపోతాడు. చాలా బలమైన షాట్లలో, మాట్లాడకుండా అంచున నిలబడ్డ ఆ మనిషి కోసమే కెమెరా పెట్టి ఉంటారు.

దూరం విషయంలో మనవాళ్లు మరీ వెనక్కి కూర్చుంటారు. 55 అంగుళాల టీవీకి ఐదున్నర నుంచి ఏడున్నర అడుగుల మధ్య కూర్చుంటే తెర చూపులో 30 నుంచి 40 డిగ్రీలు నింపుతుంది. పన్నెండు అడుగుల దూరంలో కళ్లలో తడి కనపడదు. గదిలో దీపాలు ఆర్పేయండి. కళ్లు అలసిపోయేవారు టీవీ వెనక, గోడకేసి, సన్నటి తెల్లటి దీపం ఒకటి ఉంచుకోవచ్చు.

శబ్దం

గుసగుసలు వినపడవు, సంగీతం వచ్చేసరికి చెవులు దద్దరిల్లుతాయి. అందరికీ ఉన్న ఫిర్యాదే ఇది. కారణం ఏమిటంటే 5.1 ఆడియోలో, అంటే శబ్దాన్ని ఆరు స్పీకర్లకు విడదీసే పద్ధతిలో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కు వెళ్తాయి. టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలోకి మొత్తాన్ని కుదించినప్పుడు మాట మిగతా శబ్దాల కింద పడిపోతుంది. యాప్‌లో రెండు స్పీకర్ల కోసమే చేసిన స్టీరియో ట్రాక్ విడిగా ఉంటే అది పెట్టండి. సౌండ్‌బార్‌కు మధ్య ఛానెల్ సర్దుబాటు ఉంటే 2 నుంచి 3 డెసిబెల్స్ పెంచండి.

'నైట్ మోడ్' తేలిక మందులా కనిపిస్తుంది, కానీ ఇలాంటి సినిమాకు వాడొద్దు. అది పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్న శబ్దాన్ని పెంచుతుంది, అంటే నిశ్శబ్దాన్ని చెరిపేస్తుంది. సంగీతం ఆగిపోయి పాత్ర ఊపిరి మాత్రమే వినపడే క్షణానికి నిజమైన నిశ్శబ్దం కావాలి. పక్కింటివారికి ఇబ్బంది అవుతుందంటే వైరున్న హెడ్‌ఫోన్స్ మేలు. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. మాట పెదవుల కన్నా సెకనులో ఎనిమిదో వంతు వెనకబడితే చాలు, చూసేవారికి తేడా తెలుస్తుంది. బ్లూటూతే వాడక తప్పకపోతే టీవీ సెట్టింగ్స్‌లో ఆడియో డిలే సరిచేసుకుని, ఎవరైనా మాట్లాడే క్లోజప్‌తో పరీక్షించుకోండి.

భాష తెలియని సినిమా అయితే డబ్బింగ్ కన్నా అసలు ఆడియో, సబ్‌టైటిల్స్ మంచివి. గొంతు పూడుకుపోవడాన్ని మరొకరు స్టూడియోలో మళ్లీ పలికించడం కష్టం. వినికిడి లోపం ఉన్నవారి కోసం చేసిన సబ్‌టైటిల్స్ మీకు అవసరం లేకపోతే మామూలువి ఎంచుకోండి. మొదటివాటిలో విషాద సంగీతం, వెక్కి ఏడుపు అని రాసి ఉంటుంది, ఏం జరగబోతోందో ముందే చదివేస్తారు. అక్షరాల సైజు ఇబ్బంది లేకుండా చదవగలిగినంత వరకు తగ్గించి, వెనక నల్ల డబ్బా తీసేయండి. కళ్లు వాక్యం మీద కన్నా ముఖం మీద ఎక్కువసేపు ఉండాలి.

చూస్తున్నప్పుడు

ఫోన్ సైలెంట్‌లో పెట్టడం సరిపోదు, వేరే గదిలో పెట్టండి. మంచినీళ్లు, చేతిరుమాలు ముందే దగ్గర ఉంచుకోండి. పక్కన కూర్చునేవారికి ఇది ఎలాంటి సినిమానో ముందే చెప్పండి, మధ్యలో మాట్లాడకూడదనీ చెప్పండి. ఎవరైనా ఏడుస్తుంటే వాళ్లవైపు తిరిగి చూడకండి. తనను గమనిస్తున్నారని తెలిసిన మనిషి వెంటనే దుఃఖం దిగమింగేసుకుంటాడు.

మాట్లాడే పాత్రను కాదు, వినే పాత్రను చూడండి. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసి చూపిన ప్రయోగం సినిమా చదివేవాళ్లందరికీ తెలిసిందే: ఏ భావమూ లేని ఒకే ముఖం పక్కన సూప్ గిన్నె, శవపేటిక, ఒక స్త్రీ వేర్వేరుగా అతికిస్తే, ప్రేక్షకులకు అదే ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయంటారు. 'బైసికిల్ థీవ్స్'లో తండ్రిగా చేసిన లంబెర్తో మజ్జొరానీ ఫ్యాక్టరీ కార్మికుడు, వృత్తి నటుడు కాడు. ఆ ముఖం పెద్దగా ఏమీ చేయదు, మనమే అందులోకి వెళ్తాం. ఎప్పుడు ఏడుపొస్తుందా అని ఎదురు చూస్తూ కూర్చుంటే ఆ ప్రవేశమే జరగదు.

ఆపక తప్పనప్పుడు ఒక సన్నివేశం పూర్తయి చోటు మారే దగ్గర ఆపండి. చివరి మూడో వంతులో మాత్రం వద్దు.

దుఃఖం వేరు, తట్టుకోలేకపోవడం వేరు. గుండె దడదడలాడటం, చేతులు చల్లబడటం, గదిలో లేనట్టుగా అనిపించడం మొదలైతే సినిమా ఆపండి. లైటు వేసి, పాదాలు నేలకు ఆనించి, కంటికి కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. అలా కొన్ని నిమిషాలు. ఆ రాత్రికి సినిమా మళ్లీ పెట్టనక్కర్లేదు. పాత గాయమేదో కదిలి రోజుల తరబడి నిద్ర పట్టకపోతే మానసిక వైద్యులతో మాట్లాడండి.

అయిపోయాక

చాలా యాప్‌లు పేర్లు పడగానే తెరను మూలకు కుదించి ఇంకో సినిమా ప్రకటన మొదలుపెడతాయి. ముందుగానే ఆటోప్లే ఆపేసుకోండి, లేదా రిమోట్ చేతిలో ఉంచుకుని 'వాచ్ క్రెడిట్స్' నొక్కండి. పేర్లు పూర్తయ్యేదాకా కూర్చోండి, ఆ తర్వాత పది పదిహేను నిమిషాలు రివ్యూలు, రేటింగులు చూడకండి. ఇతరుల మాట ముందు చదివితే మీ మాట పుట్టదు.

కలిసి చూసినవారితో మాట్లాడేటప్పుడు "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అన్న జవాబే వస్తుంది. "ఏ షాట్ గుర్తొస్తోంది?" అని అడగండి. సంభాషణ అక్కడి నుంచి దానంతటదే సాగుతుంది. వెంటనే మాట్లాడలేనివారిని వదిలేయండి, మర్నాడు వాళ్లే మొదలుపెడతారు.

రెండోసారి చూడాలనిపిస్తే కొన్ని నెలలు ఆగి, ముగింపును వదిలేసి మొదటి గంట మాత్రం చూడండి. ఏ వస్తువు ఎక్కడ తొలిసారి కనిపించింది, ఏ మాట ఎవరు తేలిగ్గా అన్నారు, సంగీతం ఎక్కడ లేదు అన్నవి కాగితం మీద రాసుకోండి. మొదటిసారి మీ కంటపడనివే ఎక్కువ ఉంటాయి.