బాలినమక్ పోరు గురించి ఊరివాళ్లు చెప్పుకున్న కథలను చదివే పద్ధతి

1798 సెప్టెంబర్ 8న ఐర్లండ్‌లోని లాంగ్‌ఫర్డ్ కౌంటీ బాలినమక్ దగ్గర ఐరిష్ తిరుగుబాటుదారులకు సాయంగా వచ్చిన, జనరల్ హంబర్ట్ నడిపిన ఫ్రెంచి దళం బ్రిటిష్ సైన్యానికి లొంగిపోయింది. ఫ్రెంచివారిని యుద్ధఖైదీలుగా డబ్లిన్‌కు తీసుకువెళ్లారు. వారి పక్కన నిలబడి పోరాడిన ఐరిష్‌వాళ్లను మాత్రం తరిమి తరిమి చంపారు. చనిపోయినవారి వైపు నుంచి ఆ రోజును చూడాలంటే ఊరివాళ్ల నోట నిలిచిన కథలను ఆశ్రయించక తప్పదు.

ముందుగా 1937–39 మధ్య జానపద కథలను సేకరించే ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ పూనికతో బడిపిల్లలు ఇంటి పెద్దలనూ ఇరుగుపొరుగువారినీ అడిగి నోటుపుస్తకాల్లో రాసిన సేకరణను తెరవండి. అది ఇప్పుడు దూఖస్ (duchas.ie) వెబ్‌సైటులో ఉంది. జనరల్ పేరుతో కాక ఊరి పేరుతో వెతకండి, ఎందుకంటే ఈ కథలు పొలాన్నీ గుట్టనూ సమాధినీ పట్టుకుని నడుస్తాయి.

కథ చదివే ముందు చెప్పినవారి వయసు చూడండి. 1938లో ఎనభై ఏళ్ల మనిషి 1858లో పుట్టి ఉంటాడు. ఆ పోరును పసితనంలో చూసిన తాత ఒళ్లో కూర్చుని అతను ఆ కథ విని ఉండవచ్చు. నూట నలభై ఏళ్ల దూరం అలా రెండు గొంతుల దూరమైపోతుంది.

ఇక ఐరిష్‌వాళ్ల వైపు ఫిరంగి పేల్చిన గన్నర్ మగీ కథ దగ్గర తొందరపడకండి. గుండ్లు అయిపోతే అతడు పగిలిన కుండపెంకులూ ఇనుప ముక్కలూ ఫిరంగిలో కూరి పేల్చాడనీ, చక్రం విరిగితే అతని బంధువులు ఇద్దరు ఫిరంగిని భుజాల మీద మోశారనీ, చివరి పేలుడుకు వారి నడుములు విరిగాయనీ చెప్పుకుంటారు. ఇది అక్షరాలా జరిగిందా అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, జనరళ్లను వదిలి ఫిరంగి మోసిన ఆ ఇద్దరినే ఊరు ఎందుకు గుర్తుంచుకుందో ఆలోచించండి. నా దృష్టిలో ఈ పని అంతటికీ ప్రాణం ఆ ప్రశ్నే.

ఒకే కథ మరో రూపంలో దొరికితే రెండింటినీ కలిపి ఒకటి చేయకండి. ఎవరు, ఏ ఊరిలో చెప్పారో రాసి, వేర్వేరుగా ఉంచండి. తేదీలనూ సేనల కదలికలనూ సైనిక పత్రాలతో సరిచూసుకోండి. ఎత్తి రాసుకునేటప్పుడు ‘అని మా తాత చెప్పేవాడు’ వంటి మాటలను అనవసరమని కొట్టేయకండి. ఆ కథ ఎవరి చేతి మీదుగా వచ్చిందో చెప్పే ఆనవాలు అక్కడే ఉంటుంది.