సిరిమాను లోపు ఇంట్లోనే లంగా కుట్టుకునేవాళ్ళకి

దసరా వెళ్ళిన మొదటి మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను, అంటే పొడుగాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ. దానికి పది రోజుల ముందు ఏ టైలరు కొట్టుకెళ్ళినా ఒకటే మాట: "ఇప్పుడు ఒప్పుకోలేమమ్మా, పండగెళ్ళాక తీసుకురండి." చాలామందికి ఇంట్లో మూలనున్న మిషను గుర్తొచ్చేది అప్పుడే. లంగాయే కదా, జాకెట్టు కాదు కదా అనుకుని, వీడియో ఒకటి చూసి, ఆదివారం మధ్యాహ్నం పట్టుగుడ్డ మీద కత్తెర పెట్టేస్తారు. నా భయమంతా ఆ ఆదివారం గురించే. కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ వేసుకోవచ్చు. కత్తిరింపు తప్పితే అతుకే గతి. అందుకే నేను చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా మిషను మూత తీయకముందువే.

మొదటి లంగా పండగ లంగా కాకూడదు. కనీసం మూడు వారాల ముందు పాత నేత చీర ఒకటి తీసి దాంతో ఒకటి కుట్టి చూడండి. ఆ లంగా ఇంట్లో కట్టుకోడానికి పనికొస్తుంది, మీ చెయ్యి ఎక్కడ తడబడుతుందో కూడా అక్కడే తెలిసిపోతుంది.

గుడ్డ కొన్నాక కొలవడం కాదు, ముందు తడపాలి. ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. మా అమ్మాయికి కుట్టిన తొలి లంగా పొందూరు ఖాదీది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో నూలు వడికి నేసిన గుడ్డ అది. చేతిలో పట్టుకుంటే మళ్ళీ కింద పెట్టబుద్ధి కాదు. ఆ ముచ్చటలోనే నీళ్ళలో వేయకుండా కత్తిరించేశాను. పాదాల దాకా వచ్చిన లంగా మొదటి ఉతుక్కి చీలమండ పైకి పోయింది, నేఫా, అంటే బొందు దూర్చే మడత, మెలి తిరిగిపోయింది. మా బాప్ప దాన్ని చేతిలోకి తీసుకుని, కుట్టు మీద బొటనవేలితో రాసి చూసి, "గుడ్డకి ముందు నీల్లు తాగించాలమ్మా, తరవాతే టేపెట్టాల" అంది. అప్పట్నుంచి మా ఇంట్లో నూలు గుడ్డ ఏదొచ్చినా ఒక రాత్రంతా నీళ్ళలో నానాల్సిందే. నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే కొలుస్తాను. ముదురు ఎరుపు, నీలం గుడ్డలైతే ఒక మూల తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే విడిగా నానబెట్టండి. పట్టు, జరీ మాత్రం ఇలా నానబెట్టేవి కావు. కొత్త చేతికి అవి వద్దనడానికి అదొక కారణం.

కొట్లో గుడ్డ మీటర్లలో ఇస్తారు, మన కొలతలు అంగుళాల్లో ఉంటాయి, ఇంట్లో పెద్దవాళ్ళు గజాల్లో చెబుతారు. మీటరంటే 39 అంగుళాలకి కాస్త ఎక్కువ, గజం 36. ఈ మూడూ కలిపేస్తే గుడ్డ చాలదు. ఇక పన్నా, అంటే గుడ్డ వెడల్పు. కొట్టువాడిని ముందు అడగాల్సింది ధర కాదు, పన్నా ఎంత అని. 44 అంగుళాల పన్నా ఉంటే కుచ్చిళ్ళ లంగా చాలా సుళువు. నడుము 28 అయితే దానికి రెండున్నర రెట్లు, అంటే 70 అంగుళాల గుడ్డ కావాలి, రెండు మీటర్లలో వచ్చేస్తుంది. అంచు కిందికి వచ్చేలా గుడ్డని అడ్డంగా తిప్పుకుంటే కత్తెర పని దాదాపు ఉండదు. కొత్తవాళ్ళు దీంతోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను.

కాదు, గుండ్రంగా కత్తిరించే గొడుగు లంగాయే కావాలంటారా? అయితే లెక్క దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. పూర్తి గొడుక్కి నడుముని 6.28తో, అర గొడుక్కి 3.14తో భాగించాలి. 28 నడుముకి అర గొడుగులో వచ్చేది దగ్గర దగ్గర 9 అంగుళాలు. గుడ్డని సగానికి మడిచాక, మడత మూల నుంచి నడుము గీతకి ఉండాల్సిన దూరం అది. చాలామంది దాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి వెడల్పు అనుకుని గీసేస్తారు, నడుము సగానికి సగం తగ్గిపోతుంది. కత్తెర కూడా 9 మీద కాదు, ఎనిమిదిన్నర మీద నడవాలి. ఆ అరంగుళం కుట్టులోకి పోతుంది. నడుము చుట్టు చిన్నదైతే పెంచుకోవచ్చు, పెద్దదైతే ఏమీ చెయ్యలేం. 44 పన్నాలో ఈ లంగా పొడుగు మడతలన్నీ పోను 34 అంగుళాలు దాటదని కూడా ముందే తెలుసుకోవాలి. అంతకంటే పొడుగు కావాలంటే కింద వేరే అంచు అతకాలి. ఏదైనా సరే, ముందు న్యూస్‌పేపర్లు అతికించి, దాని మీద గీసి కత్తిరించి, నడుముకి చుట్టి చూడండి. అయితే కాగితానికి వేరే కత్తెర వాడండి. గుడ్డ కత్తెరతో కాగితం కోస్తే పదును పోయి, తర్వాత గుడ్డని కోయకుండా నములుతుంది.

కొలతలు మీకు మీరే తీసుకోవద్దు. తల వంచి టేపు చూడగానే నడుము దగ్గర కొలత మారిపోతుంది. బొందు ఎక్కడ కడతారో అక్కడే టేపు పెట్టించుకుని, రెండు వేళ్ళు దూరేంత వదులు ఉంచమనండి. పిరుదుల చుట్టూ కూడా కొలవాలి. పట్టీ నడుముకి బిగువుగా కుడితే, లంగా పైకెక్కడానికి పక్కన 7 అంగుళాలు తెరిచి జిప్పో హుక్కులో పెట్టాలి. కుచ్చిళ్ళ లంగాకి ఎలాస్టిక్ వేస్తే ఆ బాధ లేదు. నడుము కంటే రెండు మూడు అంగుళాలు తక్కువ తీసుకోండి, నేఫా దానికంటే పావంగుళం వెడల్పు ఉంచండి. సన్నని బొందు రోజూ ఒకేచోట బిగించి కడితే చర్మం ఒరుసుకుపోయి నల్లబడుతుంది, పుండు కూడా పడుతుంది. వెడల్పు పట్టీ మంచిది.

కత్తిరించేటప్పుడు గుడ్డ మంచం మీద పరవకండి, పరుపు ఎగుడుదిగుడుగా ఉంటుంది. గచ్చు తుడిచి, పూర్తిగా ఆరాక పరవండి. నేను నాలుగు మూలలా జాడీ మూతలు పెడతాను. ఫ్యాను ఆపేస్తాను. ఎడమ అరచేతిని గీత పక్కనే ఆనించి, కత్తెర కింది రేకు నేలని తాకుతూ వెళ్ళేలా పొడుగు కోతలు వేస్తాను. కత్తెర చివర్లు పూర్తిగా మూయను. మూస్తే అంచు మెట్లు మెట్లుగా వస్తుంది.

ఇప్పుడు మిషను. ఏడాదంతా మూలన ఉన్నదానికి నూనె వేశాక పనికిరాని గుడ్డ మీద మరక ఆగేదాకా కుట్టండి. సూది మారుస్తుంటే పాతది ఎటు తిరిగి ఉందో చూసి కొత్తది అలాగే పెట్టండి. నూలుకి 14 నంబరు సూది, పల్చని గుడ్డకి 11. దారం ఎక్కించేటప్పుడు కాలు పెడలు మీద ఉండకూడదు, కరెంటు మోటారైతే స్విచ్చి ఆపేయాలి. సూది వేల్లో దిగి విరిగితే ఇంట్లో లాగే ప్రయత్నం చెయ్యకండి. వెంటనే ఆస్పత్రికెళ్ళి ముక్క తీయించుకుని, టీటీ గురించి అడగండి. చున్నీ, జడ వెనక్కి వేసుకోండి. చిన్నపిల్లలు చక్రం దగ్గర వేళ్ళు పెడతారు, వాళ్ళు మెలకువగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. అక్టోబరంటే మనకి తుఫాన్ల నెల కూడా. 2014లో హుద్‌హుద్, 2018లో దసరాకి వారం ముందు తిత్లీ వచ్చాయి. మోటారు పెట్టించుకున్నా తొక్కే బెల్టు పారేయకండి. ఉరుముల్లో, తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోకండి.

గొడుగు లంగా కింది అంచు వెంటనే మడిచి కుట్టొద్దు. ఏటవాలుగా ఉన్న గుడ్డ దాని బరువుకి అదే సాగుతుంది. ఒక రోజంతా హ్యాంగరుకి వేలాడదీసి, సాగిన చోట సమంగా కత్తిరించి అప్పుడు మడవండి. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, ఆ జనంలో నేలని ఊడ్చే లంగా ఎవరి కాలి కిందైనా పడి పిల్ల బోర్లా పడుతుంది. పాదానికి రెండంగుళాల పైకే ఉంచండి. బండి మీద తీసుకెళ్తే కుచ్చిళ్ళు చక్రం వైపు వేలాడకుండా ఒళ్ళోకి లాక్కోమనండి. అదే లంగా దీపావళికి కూడా అనుకుంటే జార్జెట్టు, నైలాను వద్దు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలుకి కూడా నిప్పు అంటుకుంటుంది కాబట్టి ఘేరు, అంటే కింది చుట్టు వెడల్పు, తక్కువ పెట్టండి.

తొడిగి చూసేముందు ఇంకొక్క పని. గుండుసూదులు డబ్బాలోంచి లెక్కపెట్టి తీయండి, లెక్కపెట్టి తిరిగి వేయండి. ఒకటి తక్కువైతే గచ్చంతా అయస్కాంతంతో గాలించి, మడతలన్నీ వేళ్ళతో తడిమి, అది దొరికాకే లంగా పిల్ల చేతికివ్వండి.