డెంటల్ ఎక్స్‌రే ఫిల్మ్ బూడిదరంగులో వస్తోందా? ఎక్స్‌పోజర్ మార్చే ముందు ఇవి చూడండి

రెండు ఫిల్మ్‌లు పక్కపక్కన పెడితే ఒకదానిలో ఎనామెల్ (పంటి పైపొర), డెంటిన్ (దాని కింది పొర) విడివిడిగా తెలుస్తాయి, రెండోదానిలో కలిసిపోతాయి. అది చూడగానే చాలామంది చెయ్యి ఎక్స్‌పోజర్ టైమ్ మీదికి వెళ్తుంది. ముందు డెవలపర్‌లో, అంటే ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే ద్రావణంలో, థర్మామీటర్ పెట్టండి. నిమిషం పట్టే పని, అయినా చాలామంది దాన్నే వదిలేస్తారు. డెవలపర్ వల్ల పలచబడిన (నలుపు తగ్గిన) ఫిల్మ్‌ను ఎక్స్‌పోజర్ పెంచి సరిచేస్తే, పేషెంట్‌కి అనవసరంగా రేడియేషన్ పెరుగుతుంది.

పోలిక సరిగ్గా చేస్తున్నారా?

కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే తేడాలు తెలియవు. వ్యూ బాక్స్ (వెనక నుంచి వెలిగే ఫిల్మ్ చూసే పెట్టె) మీద పెట్టి, ఫిల్మ్ చుట్టూ మిగిలిన వెలుతురును నల్ల కాగితంతో మూసి, గదిలో లైట్లు తగ్గించి చూడండి. ఇద్దరు పేషెంట్ల ఫిల్మ్‌లను పోల్చి కెమికల్స్ సంగతి తేల్చలేం, ఎముక మందం ఎవరిది వాళ్లదే. దానికి స్టెప్ వెడ్జ్, అంటే మెట్లుమెట్లుగా మందం పెరిగే లోహపు ముక్క, కావాలి. లేకపోతే ఫిల్మ్ ప్యాకెట్లలో వచ్చే సీసం రేకులను మెట్లుమెట్లుగా పేర్చి టేప్ వేస్తే సరిపోతుంది. ఒకే పెట్టెలోని కొన్ని ఫిల్మ్‌ల మీద ఒకే సెట్టింగ్‌లో దాని ఎక్స్‌రే తీయండి. కెమికల్స్ కొత్తగా పోసిన రోజున ఒకటి ప్రాసెస్ చేసి రిఫరెన్స్‌గా పెట్టుకోండి. మిగతావి చల్లగా, రేడియేషన్ తగలని చోట ఉంచి, రోజుకొకటి ఉదయాన్నే ప్రాసెస్ చేసి రిఫరెన్స్ పక్కన పెట్టండి. రెండు మెట్ల తేడా వచ్చిందంటే కెమికల్స్ మార్చే సమయం అయింది.

డీ స్పీడ్, ఎఫ్ స్పీడ్ ఫిల్మ్‌లను (స్పీడ్ అంటే ఫిల్మ్ ఎంత త్వరగా నల్లబడుతుందో) పోల్చేటప్పుడు రెంటికీ ఒకే టైమ్ పెట్టకండి. ఎఫ్‌కి డీ కన్నా దాదాపు 60 శాతం తక్కువ ఎక్స్‌పోజర్ చాలు. ముందు రెంటి నలుపూ సమానంగా వచ్చేలా టైమ్ సరిచేసుకుని, ఆ తర్వాతే క్వాలిటీ గురించి మాట్లాడాలి.

ఫిల్మ్ పలచగా వస్తే

డెవలపర్ చల్లగా ఉంది, లేదా నీరసించింది. చేత్తో ప్రాసెస్ చేసే మామూలు డెంటల్ డెవలపర్‌కి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5 నిమిషాలు, 24 డిగ్రీల దగ్గర సుమారు 3 నిమిషాలు. మీ డబ్బా మీద ఉన్న పట్టిక వేరేలా చెబితే దాన్నే పాటించండి. పొద్దున్నే డెవలపర్, ఫిక్సర్ (తేలిన బొమ్మను నిలిపే ద్రావణం) రెంటినీ వేర్వేరు కర్రలతో కలపండి. డెవలపర్‌లో ఫిక్సర్ చుక్కలు పడితే అది త్వరగా పాడవుతుంది. పలచదనంతో పాటు ఫిల్మ్ మీద టైరు అచ్చులాంటి గీతలుంటే కెమికల్స్‌ని అనుమానించకండి, ఫిల్మ్‌ను నోట్లో తిరగేసి పెట్టారు.

ఫిల్మ్ నల్లగా వస్తే

డెవలపర్ వేడెక్కింది, లేదా టైమ్ దాటింది. మళ్లీ థర్మామీటరే.

నలుపు సరిపోయింది, కానీ అంతా బూడిదగా ఉంటే

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. టెంపరేచర్ బాగుంది, కెమికల్స్ కొత్తవి, ఫిల్మ్ గడువు దాటలేదు. అయినా పళ్ల మధ్య మొదలవుతున్న పిప్పి కనిపించదు. తెల్లగా ఉండాల్సిన చోటికి కూడా పలచని బూడిద పొర వచ్చేస్తుంది. దీన్నే ఫాగ్ అంటాం. చాలాసార్లు దీనికి కారణం సేఫ్‌లైట్, అంటే చీకటి గదిలో ఫిల్మ్ విప్పేటప్పుడు వేసుకునే మసక లైటు.

సేఫ్‌లైట్ అన్ని ఫిల్మ్‌లకూ సేఫ్ కాదు. డీ స్పీడ్‌కి సరిపోయే నారింజరంగు ఫిల్టర్ ఎఫ్ స్పీడ్‌కి పనికిరాదు, దానికి జీబీఎక్స్-2 రకం ముదురు ఎరుపు ఫిల్టర్ కావాలి. క్లినిక్‌లో ఫిల్మ్ మారుతుంది, లైటు మాత్రం పాతదే ఉండిపోతుంది. డేలైట్ లోడర్ (చీకటి గది లేకుండా ఫిల్మ్ విప్పే పెట్టె) నారింజరంగు మూతకీ ఇదే వర్తిస్తుంది. ఫిల్టర్ సరైనదే అయినా పగిలి ఉండొచ్చు, రంగు వెలిసి ఉండొచ్చు. 15 వాట్ల బల్బు పోతే ఎవరో దొరికిన పెద్ద బల్బు పెట్టి ఉండొచ్చు. లైటుకీ, ఫిల్మ్ విప్పే బల్లకీ మధ్య కనీసం 4 అడుగులు ఉండాలి.

నాణెం పరీక్ష చాలామందికి తెలుసు. విప్పిన ఫిల్మ్ మీద నాణెం పెట్టి, సేఫ్‌లైట్ కింద రెండు మూడు నిమిషాలు ఉంచి ప్రాసెస్ చేస్తారు. నాణెం అచ్చు కనిపించకపోతే లైటు బాగున్నట్టే అనుకుని వేరే కారణాలు వెతుకుతారు. ఇక్కడే మోసపోతారు. ఎక్స్‌రే తగలని ఫిల్మ్ కొంత వెలుతురు పడేదాకా నల్లబడటం మొదలుపెట్టదు. ఎక్స్‌రే తగిలిన ఫిల్మ్ ఆ గడప అప్పటికే దాటేసి ఉంటుంది, ఆ తర్వాత పడిన కొద్దిపాటి వెలుతురూ నలుపుగానే మారుతుంది. మీరు ప్రాసెస్ చేసేవన్నీ ఎక్స్‌రే తగిలిన ఫిల్మ్‌లే. కాబట్టి పరీక్షా అలాంటి దానితోనే చేయాలి.

ముందు ఫిల్మ్‌కి చాలా తక్కువ ఎక్స్‌పోజర్ ఇవ్వండి, ప్రాసెస్ చేస్తే లేత బూడిదరంగు వచ్చేంత చాలు. సేఫ్‌లైట్ కూడా ఆర్పేసి, పూర్తి చీకట్లో విప్పి, నాణెం పెట్టి మూడు నిమిషాలు ఆగి ప్రాసెస్ చేయండి. అచ్చు వచ్చిందంటే బయటి వెలుతురు లోపలికి వస్తోంది. రాకపోతే అలాగే సిద్ధం చేసిన ఇంకో ఫిల్మ్‌ని చీకట్లోనే విప్పి నాణెం పెట్టి, అప్పుడు సేఫ్‌లైట్ వేసి మూడు నిమిషాలు ఉంచండి. ఇప్పుడు అచ్చు వస్తే తప్పు సేఫ్‌లైట్‌దే. రెండు పరీక్షలూ కలిపి ఒకేసారి చేస్తే ఏది కారణమో తేలదు.

ఒక్క ఫిల్మ్ కూడా ఖర్చు కాకుండా దొరికే ఆధారం ఇంకొకటుంది. ఫుల్ మౌత్ సిరీస్‌లో (నోరంతా వరసగా తీసే ఫిల్మ్‌లలో) ముందు విప్పి బల్ల మీద పెట్టినవి చివర విప్పినవాటి కన్నా ఎక్కువ బూడిదగా ఉంటే, బల్ల మీద ఉన్నంతసేపూ వాటికి వెలుతురు తగులుతున్నట్టే.

వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలంటే చీకట్లో పది నిమిషాలు నిలబడండి. తలుపు అంచులు, ఎగ్జాస్ట్ ఫ్యాన్, పైపుల కంతలు అప్పుడే బయటపడతాయి. ప్రాసెసర్ మీద వెలిగే చిన్న లైట్లు, జేబులోని ఫోన్ కూడా వెలుతురే.

మిగిలినవి

గోధుమరంగు మరకలు ఫిక్సింగ్, కడగడం చాలకపోతే వస్తాయి. చెట్టుకొమ్మల్లాంటి నల్లగీతలు స్టాటిక్ (రాపిడితో పుట్టే విద్యుత్తు) వల్ల, ప్యాకెట్ మెల్లగా విప్పండి. నెలవంకలాంటి నల్లమచ్చ గోటి నొక్కు. తెల్లచుక్కలు ప్రాసెసింగ్‌కి ముందే పడిన ఫిక్సర్ తుంపరలు, నల్లచుక్కలైతే డెవలపర్‌వి. మెషీన్ టైమర్ పాడవడం చాలా అరుదు. కొత్త కెమికల్స్‌లో, ఒకే సెట్టింగ్‌లో తీసిన రెండు స్టెప్ వెడ్జ్ ఫిల్మ్‌లు కలిపి ప్రాసెస్ చేసినా తేడాగా వస్తే, అప్పుడు సర్వీస్ ఇంజనీర్‌ని పిలవండి.